కిరాయి ఇల్లే... మరి మల్లెపాదు ఎవరిది?

'టు లెట్' బోర్డు చూసి గేటు తీసుకుని లోపలికి వెళ్లగానే మగవాళ్లు ముందు అడిగేది అద్దె ఎంత అని. ఆ తర్వాత బండి పెట్టుకోవడానికి చోటుందా అని. ఆడవాళ్లు వంటింటి గట్టు చూస్తారు, నల్లా ఎన్ని గంటలకొస్తుందో కనుక్కుంటారు. ఆపైన ఇంకేమీ అడగకుండానే వాళ్ల కళ్లు పక్క సందులోకి, ప్రహరీ గోడ వెంబడి ఉన్న మట్టిలోకి పోతాయి. జానెడు నేల కనబడితే చాలు, అక్కడ కరివేపాకు, ఇక్కడ మల్లెపాదు, ఆ మూల అరటి పిలక అంటూ మనసులోనే నాటేస్తారు. సామాన్ల లారీ రాకముందే సగం తోట తయారు!

చిక్కంతా ఆ తర్వాతే. ఇల్లు వాళ్లది, నేల వాళ్లది. మొక్క మనది, దానికి పోసిన నీళ్లూ, చేసిన చాకిరీ మనవి. మరి ఖాళీ చేసే రోజున ఎవరిది ఏది?

ఉప్పల్, నాచారం, హబ్సిగూడల్లో అద్దెకుండే ఇల్లాళ్లను పలకరిస్తే ఈ ప్రశ్న తగలని వాళ్లు తక్కువ. ఈ తూర్పు వైపు పెరిగిందే ఉద్యోగాల మీద. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వచ్చింది. తర్వాత సీసీఎంబీ వచ్చింది. సర్వే ఆఫ్ ఇండియా ఉండనే ఉంది. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టు డ్యూటీలు చేసే కుటుంబాలు వరంగల్ నుంచీ, నల్లగొండ నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చి ఇక్కడే ఇళ్లు చూసుకున్నాయి. నూటయాభై, రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకుని కింద ఓనరు, పైన ఇద్దరు ముగ్గురు అద్దెవాళ్లు... లేదా ఓనరు పైన గాలికి, అద్దెవాళ్లు కింద. మొక్కల మీద ఇష్టమున్న వాళ్లు కింద పోర్షన్‌కే ఎగబడతారు, వంద రూపాయలు ఎక్కువైనా సరే.

ఉప్పల్ భగాయత్ అన్న పేరు వినే ఉంటారు. భగాయత్ అంటేనే తోటల భూమి. మూసీ ఒడ్డున ఒకప్పుడు సాగుభూములుగా ఉన్న చోటును హెచ్‌ఎండీఏ లేఅవుట్ చేసి 2019లో ప్లాట్లు వేలం వేసింది. పేరులో మాత్రం తోట మిగిలింది. మూసీ వెంబడి ఇంకా గడ్డీ, ఆకుకూరలూ పండుతూనే ఉన్నాయి గానీ, ఆ నీళ్ల సంగతి తెలిసిన వాళ్లు తోటకూర కట్ట కొనేముందు 'ఎక్కడిదమ్మా?' అని రెండుసార్లు అడుగుతారు. ఇంటి పక్కన నాలుగడుగుల మట్టి ఉంటే బాగుండునని ఇల్లాలు ఆరాటపడడంలో ఉబలాటం ఒక్కటే లేదు, పిల్లల కంచంలోకి వచ్చే కూర గురించిన దిగులూ ఉంది.

సిమెంటు గడ్డల కింద మట్టి

నాచారంలో ఒక పాత డాబా ఇల్లు. కింద పోర్షన్‌లో తొమ్మిదేళ్లు అద్దెకున్నావిడ కథ వినండి. భర్తది ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఆవిడ ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది. చేరిన కొత్తలో పక్క సందు నిండా ఇల్లు కట్టినప్పటి చెత్తే. ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, పగిలిన టైల్సు. వాటి కింద మొరం. గడ్డపార వేస్తే ఠంగుమంది తప్ప దిగలేదట. ఇది ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా ఉన్నదే. రెండడుగులు తవ్వితే ఎర్రమట్టి, దాని కింద రాతిపొర.

రోజూ పొద్దుటిపూట అరగంట, సాయంత్రం అరగంట... రెండు నెలలు ఆ చెత్త ఎత్తి పోసింది. ట్రాలీ ఆటోలో ఎర్రమట్టి, రెండు బస్తాల పశువుల ఎరువు తెప్పించింది. ఆ డబ్బు కుట్టుపని లోంచే. 'మన ఇల్లా ఏమన్నానా, ఎందుకింత ఖర్చు?' అని భర్త అంటే, 'తినేది మన పిల్లలే కదా' అందట. ఏడాది తిరిగేసరికి గోంగూర, తోటకూర, కిటికీ చువ్వల మీదికి బచ్చలితీగ. గేటు పక్క ఇనుప పైపుకు బొడ్డుమల్లె అల్లుకుంది. వంటింటి నీళ్లు పోయే దారిలో అరటి. మూడో ఏడాదికి జామ కాసింది. ఓనరమ్మ పెద్దావిడ. 'మంచిగ చేసినవ్ బిడ్డా, ఇల్లే కళ వచ్చింది' అని మెచ్చుకునేది. ప్రతి శుక్రవారం పూజకు పూలు ఆవిడే కోసుకునేది. ఎవ్వరికీ ఏ తకరారూ లేదు.

తొమ్మిదో ఏట ఓనరమ్మ కొడుకు వచ్చాడు. ఇల్లు డెవలప్‌మెంటుకు ఇస్తున్నామన్నాడు. 2017 నవంబరులో నాగోలు–అమీర్‌పేట దారిలో మెట్రో నడవడం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల పాత డాబాలకు ఇదే గతి. బిల్డరు వస్తాడు, పాతది కూల్చి అయిదంతస్తులు లేపుతాడు, ఓనరుకు ఇన్ని ఫ్లాట్లు, తనకు ఇన్ని. పిల్లలకు తలా ఒక ఫ్లాటు వస్తుందంటే ఏ తల్లి కాదంటుంది? తప్పు పట్టేదేమీ లేదు. నెలలో ఖాళీ చేయమన్నాడు. ఈవిడా సరేనంది. కానీ 'నా చెట్లు తీసుకపోతా' అనేసరికి అంతా తలకిందులైంది.

'చెట్లెట్ల తీస్కపోతవ్? భూమిల ఉన్నయి గద. భూమి మాది' అన్నాడట కొడుకు.

నెల తిరిగేలోగా ఆ నేల మీదికి జేసీబీ రావలసిందే. మల్లెపాదు అయినా, జామ అయినా బకెట్టు దెబ్బకు పోవలసిందే. అయినా తీసుకుపోవద్దన్నాడంటే... మొక్క మీద ప్రేమతో కాదు, 'ఇవ్వాళ చెట్లంటుంది, రేపు పెట్టిన ఖర్చంటుంది' అన్న భయంతో. అద్దె వ్యవహారాల్లో సగం పేచీలు ఇలా ముందుచూపు భయాల్లోంచే పుడతాయి.

చట్టం ఎవరి పక్షం?

మనలో చాలామంది 'భూమిలో నాటితే ఇక అది ఓనరుదే' అనుకుంటాం. ఇంగ్లండులో నిజంగా అంతే. 1833లో అక్కడి కోర్టుకు ఒక తగువు వెళ్లింది. అద్దెకున్న ఇంటి తోటలో తాను స్వయంగా నాటిన పొదల వరుసను కూడా వెళ్లేటప్పుడు పెకలించుకుపోవడానికి వీల్లేదన్నారు. నర్సరీ వ్యాపారికైతే వేరే సంగతి గానీ, మామూలు అద్దెదారుకు ఆ హక్కు లేదట.

మన దేశంలో అలా కాదు! 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో అద్దెకున్న వాళ్ల హక్కులూ బాధ్యతలూ వరసగా రాసి ఉన్నాయి. అందులో ఒకటి ఇది. అద్దెకున్నవాళ్లు తాము భూమికి అంటించినవన్నీ తీసుకుపోవచ్చు, ఆ స్థలం తమ స్వాధీనంలో ఉన్నంతసేపూ. తాళం చెవులు ఇచ్చేశాక మాత్రం కుదరదు. స్థలాన్ని తమకు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించి పోవాలి. మరి 'భూమికి అంటించినవి' అంటే ఏమిటి? అదే చట్టం మూడో సెక్షన్ చెబుతుంది: చెట్లూ, పొదల్లాగా వేళ్లతో నేలలో పాతుకున్నవి కూడా అందులోకే వస్తాయి. మల్లెపాదు చక్కగా ఇమిడిపోతుంది కదూ!

అయితే ఒక మెలిక. అగ్రిమెంటులో దీనికి వ్యతిరేకంగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. 'నాటినవన్నీ ఇంటి యజమానికే చెందును' అని చిన్న అక్షరాల్లో ఒక లైను ఉందనుకోండి, సంతకం పెట్టేశాక చేయగలిగేది పెద్దగా ఉండదు. స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంటు అంటే మనం చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో మొదటిది. కనీసం ఆ ఒక్క పేజీ చదవండి.

ఇదే సెక్షన్ మనకు కొన్ని కళ్లేలూ వేసింది. ఓనరు ఒప్పుకోకుండా శాశ్వత కట్టడాలు కట్టకూడదు. ఇటుకలతో కట్టిన మడి, సిమెంటు తొట్టి, పునాది తీసిన పందిరి ఈ కోవలోకి రావచ్చు. స్థలానికి శాశ్వతంగా చేటు చేసే పని ఏదీ చేయకూడదు. అక్కడ ముందే ఉన్న చెట్టును నరకకూడదు.

'మరి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా?' అంటారా. ఉంది. 1960 నాటి ఆ చట్టంలో 'భవనం' అన్న మాటకు అర్థం చెబుతూ, ఇంటితోపాటు అద్దెకిచ్చిన తోట, ఖాళీ స్థలం కూడా భవనంలో భాగమేనన్నారు. అంటే ఇంటితోపాటు మీకిచ్చిన పెరడు కూడా మీ అద్దెలోదే. ఇంటి విలువ తగ్గిపోయేంత నష్టం చేస్తే ఖాళీ చేయించడానికి అదొక కారణమనీ ఆ చట్టం అంటుంది. కానీ 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లను ఈ చట్టం నుంచి తప్పించారు. ఇవ్వాళ ఉప్పల్‌లో అంతకు లోపు అద్దెలో రెండు గదులెక్కడ దొరుకుతాయి? కాబట్టి మనలో చాలామందికి దిక్కు 1882 చట్టమే.

2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. రాష్ట్రాలు తమ సొంత చట్టం చేసుకుంటేనే అది అమల్లోకొస్తుంది. అందులో ఎవరు ఏ మరమ్మతు చేయించుకోవాలో పట్టిక ఇచ్చారు. సున్నాలూ రంగులూ ఓనరు వంతు. నల్లా వాషర్లు అద్దెదారు వంతు. అద్దెకున్నవాళ్లు వాడుకునే తోటా, ఖాళీ జాగా సంరక్షణ కూడా అద్దెదారు వంతే! అంటే చాకిరీ ఎవరిదో అందులో ఎంచక్కా రాశారు. పూలు ఎవరివో మాత్రం రాయలేదు.

నిజానికి ఒక మల్లెపాదు కోసం ఎవరూ కోర్టుకు పోరు, పోనక్కర్లేదు. అయితే హక్కు ఉందని తెలిసి అడగడానికీ, బతిమాలుకోవడానికీ తేడా ఉంది. వ్యవహారం అడ్వాన్సు ఎగ్గొట్టేదాకా ముదిరితే మాత్రం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం అందాలి. ఈ సంగతి పట్టణాల్లో చదువుకున్న వాళ్లకే ఎక్కువమందికి తెలియదు.

నాచారం ఆవిడ చట్టం ఎత్తలేదు. పెద్దావిడ దగ్గరికి వెళ్లి కూర్చుంది. 'అమ్మా, పైసలడగను. గుంతలు పూడ్చి ఇస్తా. ఎట్లయినా మిషన్ కింద పోతయి గద' అంది. పెద్దావిడ కొడుకును కేకేసి 'తీస్కపోనియ్' అంది. మల్లె అంట్లు రెండు, కరివేపాకు పిలకలు నాలుగు, అరటి పిలక ఒకటి గోనెపట్టాల్లో చుట్టుకుని బయల్దేరే సాయంత్రం ఓనరమ్మ గేటు దాకా వచ్చి, కొంచెం మొహమాటపడుతూ 'ఒక మల్లె అంటు నాగ్గూడ ఇస్తవా బిడ్డా?' అందట. బిల్డింగు లేచేదాకా ఆవిడా ఓ ఫ్లాటులో అద్దెకుండాలిగా! మూడో అంతస్తు, బాల్కనీలో కుండీ పెడితే అక్కడి ఓనర్లు ఏమంటారోనని ఆవిడ బెంగ.

ఓనర్ల మాటా విందాం

ఓనర్లందరూ మొక్కలంటే గిట్టని వాళ్లనుకోవద్దు. వాళ్లకూ చేదు అనుభవాలున్నాయి. ఉప్పల్‌లో ఒక ఇంటావిడ తన ఇంటి వెనక గోడ చూపించారు. అడుగు నుంచి మూడడుగుల ఎత్తు దాకా పెచ్చులూడి, ఉప్పు పూసింది. మునుపటి అద్దెవాళ్లు గోడకు ఆనించి మడి కట్టి రోజూ రెండు పూటలా నీళ్లు పెట్టారట. గోడకు మట్టి ఆనితే చెమ్మ లోపలికి లాగుతుంది. లోపల బీరువా వెనక బూజు పట్టేదాకా ఎవరూ చూడలేదు. ఆ మరమ్మతుకు అడ్వాన్సు సరిపోలేదని ఆవిడ గోల. ఇందులో ఆవిడ కోపం న్యాయమే. గోడకూ మడికీ మధ్య అడుగున్నర ఖాళీ వదిలితే ఈ బాధ ఉండదు.

సంపు పక్కన, డ్రైనేజీ చాంబరు పక్కన చెట్టు వేస్తే వేళ్లు నీటి తడి వెతుక్కుంటూ పైపు అతుకుల్లోకి దూరతాయి. మర్రి, రావి, రబ్బరు మొక్క లాంటివి మరీ మొండివి. రావి మొలక గోడ పగులులో కనబడితే 'దేవుడి చెట్టు' అని వదిలేస్తారు కొందరు. నాలుగాకుల వయసులో పీకి ఏ గుడి ఆవరణలోనో, ఖాళీ జాగాలోనో నాటొచ్చు. నాలుగేళ్లయ్యాక గోడ పడగొట్టాల్సిందే.

దోమల భయం ఇంకొకటి, అదీ ఊరికే కాదు. డెంగీ తెచ్చే దోమ మురికి నీళ్లలో కన్నా కుండీ కింద పళ్లెంలో నిలిచిన మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి పళ్లేలు బోర్లించి తుడవాలి. అసలు పళ్లేలు లేకపోతే ఇంకా మంచిది.

'మునగ ఇంటి ముందు పనికిరాదు', 'బొప్పాయి దక్షిణాన వద్దు' లాంటి వాస్తు అభ్యంతరాల దగ్గర మాత్రం వాదించి లాభం లేదు. ఇల్లు వాళ్లది, నమ్మకం వాళ్లది. ఈ మూల కాకపోతే ఆ మూల నాటుకోండి. నిజానికి మునగ కొమ్మ పెళుసు, గాలివానకు విరిగి పడుతుంది. గొంగళ్లు కూడా పట్టి ఇంట్లోకి పాకుతాయి. పెద్దవాళ్ల మాటకు అదే మూలమేమో!

కానీ ఒక్క విషయంలో ఓనర్లతో నాకు పేచీ ఉంది. అది బండల పిచ్చి. గేటు దగ్గర్నుంచి వెనక గోడ దాకా అంగుళం మట్టి కనబడకుండా షాబాదు బండలో, సిమెంటు పలకలో పరిపించేస్తారు. 'దుమ్ము రాదు, ఊడ్చుకోవడం తేలిక' అంటారు. హబ్సిగూడలో ఒకావిడ పిల్లల సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి తన కనకాంబరాల మడి మీద సిమెంటు పోసి ఉంది. ఒక్క మాట చెప్పలేదు. ఇల్లు అందంగా చేయించామని ఇంటాయన నవ్వుతూ చూపించారట. 2020 అక్టోబరు వానలకు హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. చెరువుల కట్టలూ, నాలాల కబ్జాలూ పెద్ద కారణాలే. కానీ ప్రతి ఇంట్లో ఇంకాల్సిన నీళ్లు కూడా రోడ్డు మీదికే పోతే ఆ నాలాలు మాత్రం ఎంత మోస్తాయి? చట్టం ఇంకుడు గుంత తవ్వమంటోంది. మట్టిని మట్టిగా వదిలితే సగం ఇంకుడు గుంతే కదా.

అడిగేటప్పుడే అడగండి

అడ్వాన్సు ఇచ్చే రోజే ఈ మాట తేల్చుకోవాలి. ఆ రోజు ఓనరుకు మీరు కావాలి, ఆర్నెల్ల తర్వాత మీకు ఓనరు కావాలి. 'ఆంటీ, మొక్కలు పెట్టుకుంటాం' అంటే అందరూ 'పెట్టుకోండమ్మా' అనేస్తారు. ఆవిడ మనసులో రెండు కుండీలు, మీ మనసులో అరటితోట! అందుకే ఎక్కడ, ఎన్ని, నేలలోనా కుండీలోనా, నీళ్లు నల్లావా బోరువా, మోటారు బిల్లులో వాటా ఎంత... అన్నీ విడిగా అడగండి. ముగ్గురు అద్దెవాళ్లున్న ఇంట్లో నీళ్ల దగ్గరే మొదటి గొడవ వస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టుకుంటే నలుగురున్న ఇంట్లో పది పన్నెండు కుండీలకు సరిపోతాయి. సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూరలకు వద్దు.

అగ్రిమెంటులో రెండు లైన్లు చేర్పించండి. వకీలు భాష అక్కర్లేదు. 'పక్క సందులోని ఖాళీ జాగాలో అద్దెకున్నవారు మొక్కలు పెంచుకోవచ్చు. ఖాళీ చేసేటప్పుడు తాము నాటినవి తీసుకుపోవచ్చు. గుంతలు పూడ్చి చదును చేసి అప్పగించాలి.' అంతే. అలా రాయడానికి ఓనరు మొహమాటపడితే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి 'సరే' అనిపించుకున్నా లేనిదానికన్నా నయం. చేరిన రోజున ఆ జాగాను ఫొటో తీసి ఉంచుకోండి. ఏ చెట్టు ముందే ఉంది, గోడ పగులు ఎక్కడుంది అన్నీ అందులో కనబడాలి. మనం చేయని నష్టం మన నెత్తిన పడకుండా ఉంటుంది.

ఇంట్లో ముందే ఉన్న పెద్ద చెట్టు జోలికి మాత్రం పోవద్దు. 'నీడ పడుతోంది, కొట్టేస్తే నా టమాటాలకు ఎండ వస్తుంది' అనిపిస్తుంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. ఓనరు 'కొట్టెయ్యండి' అని నోటిమాటగా అన్నా సరే, అనుమతి కాగితం లేనిదే గొడ్డలి పట్టించకండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అక్కడ నిలబడేది మీరు.

ఎన్నాళ్లుంటామో లెక్క చూసుకుని...

అద్దె ఇంటి తోటకు అసలు కిటుకు ఇదే. నెల నెలా అద్దె లెక్కన ఉండే ఇంటికి చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. మెంతికూరకు ఇరవై అయిదు రోజులు కావాలి! అయినా ఆకుకూరల్లో నష్టం లేదు. తోటకూర నెల లోపే చేతికొస్తుంది, పాలకూర నెల దాటాక, గోంగూర నెలన్నరకు. వంగ, టమాటా, బెండ రెండు మూడు నెలల్లో మొదలవుతాయి. ఏడాదికి తగ్గకుండా ఉంటామనుకుంటే బొప్పాయి వేయొచ్చు, తొమ్మిది పది నెలలకు కాయ వస్తుంది. ఏడాది మునగ రకాలు ఆరు నెలలకే పూతకొస్తాయి. అరటి గెల పదకొండు పన్నెండు నెలలు... పదకొండు నెలల అగ్రిమెంటులో దక్కొచ్చు, దక్కకపోవచ్చు. అంటు జామ రెండేళ్లు, అంటు మామిడి కనీసం మూడు నాలుగేళ్లు. ఉద్యోగం బదిలీలది అయితే మామిడి ఆశ వదులుకోండి. లేదా వచ్చేవాళ్ల కోసమే నాటుతున్నామనుకుని నాటండి.

మిగతావన్నీ కుండీల్లోనే. అంగట్లో మట్టి కుండీలు అందంగా ఉంటాయి గానీ, ఇల్లు మారేటప్పుడు ట్రాలీలో సగం పగులుతాయి. పెయింటు ఖాళీ బకెట్లు మేలు, పిడి కూడా ఉంటుంది. శుభ్రంగా కడిగి అడుగున నాలుగు రంధ్రాలు వేయండి. ద్రాక్షపళ్లు వచ్చే థర్మోకోల్ పెట్టెల్లో ఆకుకూరలు బాగా వస్తాయి, తేలిక కూడా. ఇరవై లీటర్ల బకెట్ నిండా తడిమట్టి ముప్పై కిలోలు దాటుతుంది. మెట్ల మీంచి దింపేది మీరో, మీ వారో కదా! అందుకని ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, ఒక వంతు కొబ్బరి పొట్టు కలుపుకోండి. పిడికెడు వేపపిండి కూడా. డాబా మీద పెడితే స్లాబు మధ్యలో కాకుండా గోడల మీదుగా, అంచుల వెంబడి సర్దండి. కింద రెండు ఇటుకలు ఎత్తు పెడితే నీళ్లు నిలవవు, ఓనరుకు స్లాబు కారుతుందన్న అనుమానమూ ఉండదు. ఉద్యాన శాఖ 'మన ఇల్లు – మన కూరగాయలు' పేరుతో సగం రాయితీ మీద డాబా తోటల కిట్లు ఇచ్చిన రోజుల్లో ఓనరు సంతకం దొరకక మానుకున్న అద్దెవాళ్లూ ఉన్నారు. ఇటుకల ఎత్తు చూపించి ఉంటే కొందరైనా ఒప్పుకునేవారేమో.

పారిశ్రామికవాడల పక్క కాలనీల వాళ్లకు ఒక మాట. పాత షెడ్లు కూల్చిన చోటి మట్టి, రోడ్డు పక్క పోసిన మట్టి ఊరికే వస్తోందని తెచ్చుకోకండి. అందులో ఏ నూనె, ఏ రసాయనం ఇంకిందో తెలియదు. పూలమొక్కకైతే సరే, తినే ఆకుకు వద్దు.

పాదు పెకలించే పద్ధతి

'తీసి నాటితే బతకలేదు' అని చాలామంది అంటారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వేళ్లు తెగ్గొట్టి లారీలో పడేస్తే ఏది బతుకుతుంది? ఖాళీ చేయాలని తెలిసిన రోజే పని మొదలుపెట్టాలి. మొక్క మొదలు చుట్టూ జానెడు దూరంలో సగం వృత్తం మేర గడ్డపారతో లోతుగా గాడి తీసి, వేళ్లు తెగనిచ్చి, మళ్లీ మట్టి కప్పి నీళ్లు పోయండి. పది రోజులాగి మిగతా సగం. ఈలోపు తెగిన చోట సన్నవేళ్లు పుట్టుకొస్తాయి. కదిలించే ముందు రోజు బాగా తడపాలి. కొమ్మలు సగానికి కత్తిరించాలి. సాయంత్రం చల్లబడ్డాక మట్టి ఉండతో సహా ఎత్తి గోనెపట్టాలో బిగించి కట్టాలి. కొత్త చోట నాటాక పది రోజులు నీడ కావాలి, పాత చీరతో పందిరి వేసినా చాలు. తొలకరి పడ్డాక జూన్, జులైల్లో అయితే భయమే లేదు.

అసలు పాదునే పెకలించనక్కర లేకుండా అంటు తీసుకోవచ్చు. మల్లె కొమ్మను వంచి, కణుపు దగ్గర కాస్త గీరి, కుండీలోని మట్టిలోకి అదిమి పైన రాయి పెట్టండి. నెలన్నర రెండు నెలల్లో వేళ్లు వస్తాయి. అప్పుడు తల్లి నుంచి కోసేయండి. మందారం, నందివర్ధనం కొమ్మ గుచ్చితే చాలు. కరివేపాకు మొదట్లో పిలకలు వస్తూనే ఉంటాయి, వేరుతో సహా విడదీసి ముందే బకెట్లో పెంచుకోండి. ఇలా ఏటా ఒక అంటు కుండీలోకి మార్చి పెట్టుకునే వాళ్లకు నోటీసు ఎప్పుడొచ్చినా కంగారు లేదు. తల్లి మొక్క ఓనరుకు ఉంటుంది, పిల్ల మొక్క మనతో వస్తుంది. తగువే ఉండదు.

గుంతలు పూడ్చడం మాత్రం మరవొద్దు. పందిరి గుంజలు, తీగలు, ఖాళీ డబ్బాలు వదిలేసి పోతే అడ్వాన్సులో కోత పెట్టడానికి ఓనరుకు మనమే సాకు ఇచ్చినట్టు. చదును చేశాక మళ్లీ ఒక ఫొటో తీసి, చేరిన రోజు ఫొటో పక్కన పెట్టి ఓనరుకు పంపండి.

ఇక తులసి. కోటలోని తులసిని పెకలించుకుపోవడానికి చాలామందికి మనసు ఒప్పదు, వదిలి పోవడానికీ ఒప్పదు. నాచారం ఆవిడ ఇప్పుడు బోడుప్పల్‌లో రెండో అంతస్తులో ఉంటోంది, పెయింటు బకెట్లలో మల్లె పూస్తోంది. తులసి ఎలా తెచ్చుకుందని అడిగితే ఆవిడ చెప్పింది ఇదీ. ఎండిన వెన్నులు నాలుగు తుంచి కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకుందట. కొత్త ఇంట్లో మెత్తటి మట్టి మీద వాటిని నలిపి చల్లి, పైన పల్చగా మట్టి రాల్చి, చేత్తో నీళ్లు చిలకరించాలి. చెంబుతో పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. పది పన్నెండు రోజులకు మొలకలు కనబడతాయి.